అరబ్బీ కామెంటరీ

9 సెప్టెంబర్ 2011, శుక్రవారం

బావ వచ్చాడు. తాళ్ళతో బిగించిన రెండు అట్టపెట్టెలు. వాటి మీద నల్ల మార్కరుతో నర్సింగం, కోరుట్ల, ఫోన్ నంబరు. ఎప్పుడొచ్చినా అవే అక్షరాలు. ఈసారి కాస్త వంకరపోయినట్టున్నాయి. లేక నాకే అట్లా కనిపించిందో.

మా పెళ్ళైన కొత్త నుంచీ, ఇరవై ఏళ్ళుగా, ఆయన దుబాయిలో ఉంటాడు, నేను కోరుట్లలో ఉంటాను. రెండేళ్ళకోసారి వచ్చి రెండు నెలలుండి పోతాడు. ఈసారి ఎన్నాళ్ళని అడగలేదు. అన్నం ముందు కూర్చుని ఆయనే చెప్పాడు. కంపెనీ మూతబడ్డదట, జగిత్యాల ఏజెంటు మస్కట్‌కు వీసా చూస్తున్నడట, దసరా అయినంక పోవుడేనట. సరే అన్నాను. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

ఇంకేదైనా అడగాల్సిందేమో.

10 సెప్టెంబర్

మానస హైదరాబాద్ హాస్టల్ నుంచి వచ్చింది, బాపును చూడ్డానికి. ఆయన పెట్టె విప్పి బిడ్డ చేతిలో ఒక కొత్త గేమ్ కన్సోల్, ఒక డిస్క్ పెట్టాడు. ఫుట్‌బాల్ గేమ్. దక్షిణాఫ్రికాలో జరిగిన వరల్డ్ కప్పుది.

మానస ఏడో తరగతిలో స్కూల్ టీంలో ఫుట్‌బాల్ ఆడింది. అది ఆయన గుర్తుపెట్టుకున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడాది. అట్ట తిప్పి చూసి, గిది పోయినేడాది కప్పు బాపూ, అయిపోయిన పెండ్లికి బాజాలు తెచ్చినట్టున్నది అంది. నవ్వుతూనే అంది. అగ్గువకు దొరికింది బిడ్డా అని ఆయనా నవ్వాడు.

ఒక గంట ఆడి తీర్పు చెప్పేసింది. ఆటగాళ్ళందరికీ ఒకే మొహం, జుట్టు రంగు మాత్రం వేరు. గోల్‌కీపర్ బంతి వచ్చిన వైపు కాక అవతలి వైపుకు దూకుతాడు. వాన పడుతుంది, ఎవరూ తడవరు. ఉన్నది ఒక్క కప్పే, అది గెలిస్తే రెండు బుడగలు ఎగిరి మళ్ళీ మొదటికొస్తుంది. కామెంటరీ మొత్తం అరబ్బీ, మార్చే వీలు లేదు. దేశాల పేర్లు పైనుంచి కిందిదాకా చూసి, ఇండియానే లేదు, ఇగ తెలంగాణ ఏడుంటదే అమ్మా అంది.

గా మనిషి ఏమంటున్నడో చెప్పు బాపూ, నీకు అరబ్బీ వస్తది గదా అని కూడా అడిగింది. నాకొచ్చే అరబ్బీ పట్టుకో, ఎత్తు, దించు, రేపు రా, గంతే బిడ్డా అన్నాడు. పెద్దపెద్ద బిల్డింగుల పక్కన ఇనుప పైపులు బిగించే పని ఆయనది. ఆ పనికి ఆ నాలుగు మాటలు చాలునట.

డిస్క్ చుట్టి తెచ్చిన రంగు కాగితాన్ని ఆయన సాపు చేసి, మడత మీద మడత పెట్టి జేబులో వేసుకున్నాడు. అది నేను చూశానని ఆయనకు తెలియదు.

12 సెప్టెంబర్

రేపటి నుంచి సకల జనుల సమ్మె. బస్సులు బంద్ అవుతాయని మానస ఈరోజే సిరిసిల్ల పోయింది, మా అమ్మ దగ్గరికి. అక్కడి సమ్మె శిబిరంలో దాని దోస్తులున్నారట. కన్సోల్ టీవీ కిందే ఉండిపోయింది.

14 సెప్టెంబర్

ఇంట్లో ఇద్దరమే. ఆయన తెల్లవారుజామునే లేస్తాడు. లేచి ఏం చెయ్యాలో తెలియక వాకిట్లో నిలబడతాడు. నేను ఊడుస్తుంటే పక్కకు జరుగుతాడు. గిన్నెలు ఎక్కడుంటాయో అడుగుతాడు. చుట్టాల ఇంటికొచ్చినట్టు కుర్చీ అంచు మీద కూర్చుంటాడు.

18 సెప్టెంబర్, మధ్యాహ్నం

మేమూ సమ్మెలో దిగాం. కాలేజీకి తాళం. పొలిటికల్ సైన్స్ లెక్చరర్‌కు రోజంతా చెప్పడానికి ఎవరూ లేకపోతే ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేకే అనుకుంటా, కన్సోల్ ఆన్ చేశాను. స్టేడియంలో బూరలు ఊదే చప్పుడు, ఒకటే రొద. వినగానే ఒళ్ళంతా మెత్తబడిపోయింది. మా సిరిసిల్ల సాంచాల చప్పుడు అది. మరమగ్గాల షెడ్డు పక్క ఇంట్లో పుట్టినదాన్ని. ఆ రొద ఆగితేనే నాకు మెలకువ వచ్చేది.

ఏ దేశం తీసుకోవాలో తెలియలేదు. స్లొవేనియా అని కనిపించింది. మా పెళ్ళైన మరుసటి ఏడాది పుట్టిన దేశం. అంతకుముందు పటంలో లేదు. దాన్నే తీసుకున్నాను.

బంతి నా కాళ్ళ దగ్గర ఒక్క క్షణం కూడా నిలవలేదు. బావ వెనక మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, ఏమంటున్నడు ఆయన అని అడిగాను. వెనక మంచం కిర్రుమంది. తర్వాత, గీ పిల్ల కొత్తగ దిగింది గ్రౌండుల, భయపడద్దని చెప్పుర్రి అంటున్నడు అన్నాడు.

పిల్లనా? అండ్ల అందరు మొగోళ్ళే గదా అన్నాను.

అరబ్బీల గట్లనే అంటరు అన్నాడు.

నవ్వొచ్చింది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఎన్నేళ్ళయిందో.

21 సెప్టెంబర్

రోజూ మధ్యాహ్నం ఆడుతున్నాను. ఓడిపోతున్నాను. ఈ ఆటలో ఏమీ లేదు, మానస చెప్పింది నిజమే. మూడు మ్యాచులకే విసుగొస్తుంది. అయినా పన్నెండు దాటితే చేతులు దానికోసమే చూస్తున్నాయి.

ఆయన ఇప్పుడు మంచం దిగి చాప మీదికొచ్చాడు. నేను అడక్కుండానే చెప్తున్నాడు. ఏడో నంబరోడు మంచోడేనట, గని మాట రాదట. గోల్ కాడ నిలబడ్డోడు ఆట దూరంకెల్లి చూసి చూసి, బాల్ దగ్గరికొస్తే ఏం చెయ్యాల్నో మర్చిపోయిండట.

అరబ్ కామెంటేటర్లు ఇంత ఆలోచించి మాట్లాడతారని నాకు తెలియదు.

24 సెప్టెంబర్

రైల్ రోకో. మేము రోడ్డు మీద వంటావార్పు చేశాం. మైకులో నేను కూడా పది నిమిషాలు మాట్లాడాను. కొత్త రాష్ట్రాల సంగతి చెప్పే రాజ్యాంగం మూడో అధికరణం గురించి. చప్పట్లు కొట్టారు. గుంపు చివర్న, కిరాణా కొట్టు అరుగు మీద బావ నిలబడి వింటున్నాడు. నేను చూడగానే పక్కకు తిరిగాడు.

అమ్మ ఫోన్ చేసింది. ఏందే కల్యాణీ, నడీడుల ఆలుమగలు టీవీ ముంగట కూసోని బాల్ గుద్దుకుంటున్నరట గదా అని. మానస చెప్పిందట. ఇంత వయసొచ్చినంక గదేం పోయేకాలమే, నా తమ్ముని కొడుకును పిచ్చోణ్ణి చేసేటట్టున్నవు అంది. బావకు ఫోన్ ఇమ్మంది. ఇచ్చాను. అత్తా, నేను ఆడుతలేను, అర్థం చెప్తున్న గంతే అన్నాడు.

28 సెప్టెంబర్

ఈ సంగతి ఎవరికి చెప్పాలి. ఇక్కడే రాస్తాను.

ఆ కామెంటరీలో ఒక వాక్యం ఉంది. గొంతు గీరినట్టు ఒక ‘ఖ’, తర్వాత మూడు పొట్టి మాటలు, చివర పొడుగాటి ‘ఆ’. నేను బంతిని గీత బయటికి తన్నిన ప్రతిసారీ ఆ మనిషి అదే వాక్యం అంటాడు. అదే గొంతు, అదే ఊపిరి. గేమ్ చేసినవాళ్ళు పది ఇరవై వాక్యాలు రికార్డు చేయించి చేతులు దులుపుకున్నట్టున్నారు. జనం కూడా అంతే. ఎర్ర టోపీవాడు, చెయ్యెత్తిన ఆమె, జెండా పట్టుకున్న ముసలాయన. చీర అంచులో పువ్వు మళ్ళీ మళ్ళీ వచ్చినట్టు స్టేడియం చుట్టూ ఆ ముగ్గురే. బట్ట నేసే ఇంట్లో పుట్టినవాళ్ళకు అది వద్దన్నా కనిపిస్తుంది. వినిపిస్తుంది కూడా.

శుక్రవారం బావ ఆ వాక్యానికి అర్థం చెప్పాడు, తొందర లేదు, మెల్లగ ఆడుమంటున్నడు అని. ఆదివారం, అదే వాక్యానికి, గీ ఏడో నంబరోనికి ఇంటి మీద బెంగున్నది అన్నాడు. ఇవాళ మళ్ళీ ‘ఖ’ వచ్చింది, పొడుగాటి ‘ఆ’ వచ్చింది. ఆయన అన్నాడు కదా, మైకు పట్టుకొని గంత మంచిగ మాట్లాడేటామె నాతోని ఏం మాట్లాడుతదని గా పక్కకు నిలబడ్డోడు అనుకుంటున్నడట.

నేను వెనక్కి తిరగలేదు. చేతిలో జాయ్‌స్టిక్ చెమటకు జారింది.

ఆయనకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పట్టుకో, ఎత్తు, దించు, రేపు రా.

29 సెప్టెంబర్

లేక ఒక్కో చోట ఒక్కో అర్థం వస్తుందేమో. అరబ్బీ సంగతి నాకేం తెలుసు. లేనిపోనిది ఊహించుకుంటున్నానా?

30 సెప్టెంబర్

ఇవాళ బంతిని కావాలనే బయటికి తన్నాను. మళ్ళీ మళ్ళీ. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ వచ్చింది. ప్రతిసారీ కొత్త అర్థం. ఒకసారి మంచు గురించి, ఒకసారి వాళ్ళమ్మ చేసే సర్వపిండి గురించి. స్లొవేనియా మీద ఆరు గోల్స్ పడ్డాయి.

ఎందుకే గట్ల బయటికే తంతున్నవు అన్నాడు.

నేర్చుకుంటున్నా అన్నాను.

2 అక్టోబర్

పొద్దున అటక మీది ట్రంకు దించి కేసెట్లు చూశాను. ఉన్నాయి. బూజు పట్టి ఉన్నాయి.

పెళ్ళైన కొత్తలో ఆయన ఉత్తరాలు రాసేవాడు కాదు. టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి ఆ కేసెట్ ఊరికొచ్చేవాళ్ళ చేత పంపేవాడు. ఈ చుట్టుపక్కల దుబాయి ఇళ్ళన్నిటిలో అదే పద్ధతి. ఒక వైపు ఆయన మాట, రెండో వైపు నేను మాట్లాడి తిప్పి పంపాలి. అప్పుడు నేను వరంగల్‌లో ఎమ్మే చదువుతున్నాను, ఆయన చదివిస్తున్నాడు. హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని వినేదాన్ని. వెనక ఫ్యాన్ చప్పుడు, ఎవరో బిందె తోమే చప్పుడు, మధ్యలో ఈయన గొంతు. కల్యాణీ, నీ మొఖం ఇప్పుడు నాకు కనవడ్తలేదు గాబట్టి చెప్తున్న అని మొదలుపెట్టేవాడు. ఎంత చెప్పేవాడో. తెల్లారి ఎడారి ఏ రంగులో ఉంటుందో కూడా చెప్పేవాడు.

మనిషి ఎదురుగా ఉంటే ఒక్క మాట రాదు. పెళ్ళిచూపుల్లో కూడా గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు, మేనమామ కొడుకై ఉండి.

తర్వాత మొబైల్ వచ్చింది. బాగున్నవా, పైసలు ముట్టినయా, పెట్టేస్తున్న. అంతే. కేసెట్లు ఆగిపోయాయి. ఆయన గొంతు ఎక్కడికి పోయిందని నేను ఎప్పుడూ అడగలేదు.

4 అక్టోబర్

వీసా వచ్చింది. పద్నాలుగో తారీఖు ప్రయాణం.

5 అక్టోబర్, పొద్దున

కల. స్లొవేనియా ఆటగాళ్ళు తలల మీద బతుకమ్మలు పెట్టుకుని ఆకుపచ్చ గ్రౌండులో వరుసగా నడుస్తున్నారు. వాన పడుతోంది, తంగేడు పూలు తడవడం లేదు. చుట్టూ సాంచాల చప్పుడు. నేను జనంలో ఉన్నాను. ఎర్ర టోపీవాడు, నేను, జెండా ముసలాయన, మళ్ళీ ఎర్ర టోపీవాడు, మళ్ళీ నేను. స్టేడియం నిండా నేనే. గోల్ దగ్గర నిలబడ్డ బావ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని వరుసలు వరుసలుగా వెతుకుతున్నాడు, ఇండ్ల ఏది అసలుదో అని. చెయ్యి ఎత్తాను. అందరం ఎత్తాం.

6 అక్టోబర్, దసరా

బావ జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.  ఎవరూ ఏమీ అననప్పుడు పండగ ఎంత పెద్దగా ఉంటుందో.

9 అక్టోబర్

సింగరేణి బొగ్గు లేదు, కరెంటు లేదు. పొద్దున పోతే పది దాటాక వస్తుంది, మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా పోతుంది.

రెండింటికి ఆట మొదలుపెట్టాం. ‘ఖ’ వచ్చింది. బావ అన్నాడు, ఆట నడిమిట్ల ఒకణ్ణి మార్చి ఇంకొకణ్ణి దించుతరట, గోల్ కాడోడు బయటికి పోవాల్నట. ఆయనకు పోవుడు అలవాటేనట. నేను బంతిని మళ్ళీ బయటికి తన్నాను. ఆయన అన్నాడు, గని ఈసారి కాళ్ళు వస్తలేవట. ఎవలన్న ఒక్కలు ఉండుమంటే

కరెంటు పోయింది.

టీవీ నల్లబడింది. బూరలు ఆగాయి. ఫ్యాన్ తిరిగి తిరిగి నిలబడింది. పక్కింటి మిక్సీ కూడా ఆగింది. నేను నల్లటి టీవీని చూస్తూ అట్లాగే కూర్చున్నాను, ఆయన ఆ వాక్యం పూర్తి చేస్తాడేమోనని. ఊపిరి వినిపిస్తోంది. గొంతు సవరించుకోవడం కూడా వినిపించింది.

లేచి మంచినీళ్ళు తాగాడు. కరెంటు వచ్చినంక చూద్దాం అన్నాడు.

నాలుగింటికి వచ్చింది. ఇద్దరిలో ఎవరమూ ఆన్ చెయ్యలేదు.

11 అక్టోబర్

నేను అనవచ్చు కదా. ఉండు అని. రెండక్షరాలు. తరగతిలో గంటలు గంటలు మాట్లాడేదాన్ని.

కానీ నాకు నిజంగా కావాలా? ఇరవై ఏళ్ళుగా ఈ ఇల్లు నాది. మంచం నడిమధ్య పడుకుంటాను. లైటు వేసుకుని చదువుకుంటూ నిద్రపోతాను. నాకు కావలసింది ఆయనా, ఆ గొంతా? రేపు గేమ్ పాడైపోతే? ఉండమంటే, చదివించినందుకు రుణం తీరుస్తోందని అనుకుంటాడా? భార్య జీతం మీద కూర్చున్నాడని నలుగురూ అంటే ఆయన తట్టుకుంటాడా? ఆయన తరఫున కూడా నేనే ఆలోచిస్తున్నాను. అదొక జబ్బు.

పోకపోతే ఏమి కోల్పోతామో ఎంత వెతికినా దొరకడం లేదు. ఇల్లు ఉంది, నా ఉద్యోగం ఉంది. అయినా పోతున్నాడు, ఎవరూ వద్దనలేదు కాబట్టి. నేను కూడా.

13 అక్టోబర్, సాయంత్రం

అట్టపెట్టెకు తాడు కట్టాడు. నేను ముడి మీద వేలు పెట్టి పట్టుకున్నాను, బిగించడానికి. ఈ ఒక్క పని మేమిద్దరం కలిసి ఎప్పుడూ చక్కగా చేస్తాం. మార్కరుతో పేరు రాశాడు. నర్సింగం. ఊరు దగ్గరికొచ్చి ఆగాడు. మస్కట్ అని రాయాల్నా, కోరుట్ల అని రాయాల్నా అన్నాడు.

నీ ఇష్టం అన్నాను.

ఎంత చెత్త జవాబు. రాయకుండానే మార్కరు మూత పెట్టాడు.

14 అక్టోబర్

 జరిగింది జరిగినట్టు రాయాలి.

బస్సుల్లేవు కాబట్టి ఏజెంటు జీపు పంపాడు. తెల్లవారగానే వచ్చి వాకిట్లో హారన్ కొట్టింది. మల్లాపూర్ నుంచి ఎక్కిన ఇద్దరు అప్పటికే లోపల కూర్చుని ఉన్నారు. వాళ్ళను సాగనంపడానికి వచ్చిన మూడోవాడు వెనక వేలాడుతున్నాడు. కరెంటు లేదు. బావ పెట్టెలు గుమ్మం దగ్గర పెట్టి, గడియారం పెట్టుకుంటున్నాడు. పిన్ను దొరకడం లేదు.

నేను టీవీ ముందు చాప మీద కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో తెలియదు. జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకున్నాను.

బావా, ఏమంటున్నడో విన్నవా అన్నాను.

కరెంటే లేదు గదా కల్యాణీ అన్నాడు.

ఉంటేనే అంటడా అన్నాను. గొంతు నాది కానట్టుంది. టీవీ వైపే చూస్తూ చెప్పాను. ఆట అయిపోలేదంటున్నడు. నడుమ ఆగిపోయిన టైమంత ఇప్పుడు కలుపుతరట. స్లొవేనియోళ్ళు ఎవ్వలు గీత దాటద్దట. గోల్ కాడ నిలబడ్డోడు సుత. ఆయనకు ఆట వచ్చినా సరే, రాకున్నా సరే, ఉండుమంటున్నడు. ఇంట్ల ఉండుమంటున్నడు.

పిన్ను వెతికే చప్పుడు ఆగింది.

గోల్ కాడోణ్ణి ఇంట్ల ఉండుమంటరా అన్నాడు.

అరబ్బీల గట్లనే అంటరు అన్నాను.

హారన్ మళ్ళీ మోగింది. పెట్టెలతో సహా ఆయన అడుగులు బయటికి పోయాయి. నేను తల తిప్పలేదు. టీవీ నల్లటి అద్దంలో మా గుమ్మం కనిపిస్తోంది, వెనకాల తెల్లటి వెలుగు. అందులో ఎవరూ లేరు. బయట మాటలు. డ్రైవర్ ఏదో తిట్టాడు. గా వీసా మూడోనికి కావాల్నంటే ఏజెంటును అడుగుమను అని బావ గొంతు. తలుపు దబ్బున పడింది. జీపు కదిలింది. చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది. అద్దంలో గుమ్మం ఖాళీగానే ఉంది. 

తర్వాత అద్దంలోకి ఒక అట్టపెట్టె వచ్చింది. దాని వెనక రెండు కాళ్ళు.

15 అక్టోబర్

అమ్మ ఫోన్. గా బాల్ గుద్దుడు కోసమేనా ఆగింది నీ మొగడు అంది. ఔనే అమ్మా అన్నాను. మంచిగైంది, దసరా పోయినంక పండుగొచ్చింది అని, ఏడుస్తున్నది వినపడకుండా పెట్టేసింది.

17 అక్టోబర్

అంతా తేలికగా ఏమీ లేదు. నిన్న కూరలో కారం గురించి ఇద్దరం మాటా మాటా అనుకున్నాం. లైటు తీసెయ్యమంటాడు, నేను చదువుకోవాలంటాను. తాళ్ళు విప్పి పెట్టెలు మడిచి అటక మీద పెట్టాడు, కేసెట్ల ట్రంకు పక్కన. ట్రంకు మీది దుమ్ము చేత్తో తుడిచి దిగాడు.

తప్పు చేశామా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆయనకూ అనిపిస్తుందేమో.

25 అక్టోబర్

సమ్మె ఆగింది. తెలంగాణ రాలేదు. కాలేజీ తెరిచారు, పోయొచ్చాను.

సాయంత్రం వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. కిటికీలోంచి చూశాను. బావ ఒక్కడే కూర్చుని స్లొవేనియా తరఫున ఆడుతున్నాడు. టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి ఉంది.

కామెంటరీ వీధిలోకి వినిపిస్తోంది.